మర్యాద గొంతు

మొదటి పలుకు

నా పేరు సుంకులమ్మ. చదువు రాదు, నోరు వచ్చు. ఆ నోటి మీదనే ఇప్పుడు కేసు పెట్టారు.

మాట మర్యాద బోర్డువారు ఈ రాతపెట్టెను పంపించారు. చెప్పుకోవలసిందేదో దీనికి చెప్పుకోమన్నారు. నేను చెప్పినదాన్ని ఇది పుస్తకాల తెలుగులోకి దిద్దుకుంటుందట. మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం సాక్ష్యం కాబట్టి ఉన్నవి ఉన్నట్టే ఉంచుతుందట. సరే, దిద్దుకోనివ్వండి. భాష దిద్దితే నాకు పోయేదేమీ లేదు. అర్థం దిద్దితేనే మనిషి పోతుంది.

నా నేరం ఇది. ఆటలో మా తోటికోడలు వన్నూరమ్మను "నీ పాడె గట్ట" అన్నాను. అనలేదని బొంకను. ఆ పూట ఒక్కటే కాదు, కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ అంటూనే ఉన్నాను. ఆమె మా బావ భార్య, నాకు వరసకు అక్క. ఆమె నన్ను "నీ నోట్లో మన్ను బడ" అంటుంది. అందులో చావు మాట లేదని ఆటలో మాటలు వినే మీ మిషను దాన్ని పట్టుకోలేదు. ఇద్దరి మొగుళ్ళూ పోయారు. అన్నదమ్ములు పోయినా తోటికోడళ్ళం మిగిలాం.

ఎండలు ముదిరితే అందరినీ నేల కింద చలవకొట్టాల్లో పెట్టి తలుపులు వేస్తారని మీకు చెప్పనక్కరలేదు. తొలివాన పడితేనే మళ్ళీ తీస్తారు. ఎప్పుడూ మేమిద్దరం ఒకే కొట్టంలో పక్కపక్క మంచాల మీద ఉండేవాళ్ళం. ఈ ఏడు ఆమెకు గుండె బాగాలేదని, గుండె చూసే డాక్టరు ఉన్న చోటికి, పెన్న అవతలి కొట్టానికి రాశారు. నువ్వు కూడా వస్తానని అడుగు అంది. అడిగాను. చోటు లేదన్నారు. నేను గట్టిగా అడగలేదని ఆమె అనుమానం. బండి ఎక్కేటప్పుడు నా మొహం చూడకుండానే ఎక్కింది.

అందుకని మేము కలుసుకునేది ఆటలోనే. ఇదివరకు పక్కపక్కనే కూర్చుని తిట్టుకుంటే ఏ మిషనూ వినేది కాదు. మధ్యాహ్నం సంగటి తిన్నాక నేనిక్కడ కూర్చుంటాను, ఆమె అక్కడ కూర్చుంటుంది. ఇప్పుడు ఆ ఆట నాకు లేకుండా చేశారు. ఆట ఉంది, నేను లేను. అది ఎట్లాగో చెబుతాను.

రెండో పలుకు

మా ఆట పేరు తోడేళ్ళ గుట్ట. పాతది. ఇప్పుడెవరూ ఆడరు. బొమ్మలు కూడా అంతంతమాత్రమే, తోడేళ్ళు దులపని కంబళ్ళలా ఉంటాయి. గుట్ట కింద గొర్రెల దొడ్డి. గుట్ట మీద నిలబడి తోడేలు ఎటునుంచి వస్తోందో చూసేది ఒకరు, దొడ్డి కాడ ఒడిసెల తిప్పి రాయి విసిరేది ఒకరు. కిందిదానికి తోడేలు కనిపించదు, పైదానికి రాయి ఉండదు. పైది అరవాలి, కిందిది కొట్టాలి. ఒకటి లేక ఇంకొకటి పనికిరాదు. మంద పోయిందంటే పోయినట్టే, మళ్ళీ మొదటి నుంచి ఒక గొర్రెతో మొదలు. అరిచేది నేను. కొట్టేది ఆమె.

ముసలిదానికి ఆటలేమిటని బోర్డులో ఎవరైనా అనుకుంటే, నేను మీ నాయన పుట్టకముందు నుంచి ఆడుతున్నాను. మీ పిల్లలు ఆడేవి కూడా ఆడి చూశాను, తెలియక అనడం లేదు. ఇప్పటి ఆటలో అడుగు తీసి అడుగేస్తే భేష్ అంటుంది. బోర్లా పడితే, ఎంత చక్కగా పడ్డారో అంటుంది. ఓడిపోవడమే తీసేశారు. మనకు చేతకాకపోతే అదే మన బదులు ఆడేసి, మీరే గెలిచారు అని చెబుతుంది. సంగటి ముద్దను నమిలి నోట్లో పెట్టినట్టు. ఇక కొందరు ఆడను కూడా ఆడరు, ఆడేవాళ్ళను చూస్తారు. వాళ్ళు చూస్తుంటే ఇంకొందరు చూస్తారు. మా కొట్టంలో ఒక పిల్ల ఉంది, తన బొమ్మకు కొత్త పావడా వచ్చిందని ఆ రోజు అన్నం కూడా తినలేదు, అంత సంతోషం. ఆ పిల్ల ఆ బొమ్మతో ఏ ఆటా ఆడదు. వద్దనను. ఎవరి సంతోషం వాళ్ళది. కానీ దాన్ని ఆట అనవద్దు.

ఆటంటే ఓడితే ఒళ్ళు మండాలి. మండితే తిట్టుకోవాలి. తిట్టుకుంటే నవ్వు రావాలి. నవ్వు వస్తేనే రేపు మళ్ళీ ఆడతాం. తిట్టు లేని ఆట ఉప్పు వేయని సంగటి.

మీ మర్యాద రూలు ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. వయసులో ఉన్నప్పుడు నేను తుపాకుల ఆటలు ఆడాను. ముక్కూ మొహం తెలియని మగవాళ్ళు ఆడగొంతు వినబడగానే అన్న మాటలు ఈ పెట్టెకు కూడా చెప్పలేను. కులమెత్తి అన్నారు, తల్లినెత్తి అన్నారు. గొంతు మార్చుకుని కొన్నాళ్ళు, మూగదానిలా కొన్నాళ్ళు ఆడాను. ఆ నోళ్ళు మూయించినప్పుడు మీ బోర్డుకు దండం పెట్టినదాన్ని నేను. అయితే కుక్క కరుస్తుందని మూతికి తాడు కట్టేవాడు, పాలు తాగే లేగకు కూడా అదే తాడు కడితే వాడిని ఏమనాలి?

మూడో పలుకు

ముద్ర వేసిన సంగతి చెబుతాను. నా గొంతు మీద మర్యాద ముద్ర వేశామని ఒక మాట పంపారు. ఆట ఆపలేదు, నోరూ మూయలేదు. అదేదో మంచి కబురే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే గుట్ట ఎక్కాను. ఎడమ పక్క చెట్ల వెనక నుంచి తోడేలు వచ్చింది. అరిచాను.

"ఎడమపక్క మే, నీ కండ్లు కాకులు పొడవ, ఎడమపక్క!"

నా చెవికి నా అరుపు నాదిగానే వినిపించింది. కిందనున్న ఆమె ఒడిసెల ఎత్తనే లేదు. తోడేలు గొర్రెను ఎత్తుకుపోయింది. నేను ఇంకా నాలుగు తిట్లు తిట్టాను. ఆమె నుంచి ఒక్క మాట లేదు. ఎప్పుడూ నాకంటే ఒకటి ఎక్కువే తిట్టే మనిషి. చాలాసేపటికి అడిగింది.

"ఏమైంది నీకు? ఎవురన్నా పక్కన ఉండారా?"

ఎవరూ లేరన్నాను. ఆమె ఇంకేమీ అడగకుండా ఆట వదిలి వెళ్ళిపోయింది.

ఆ కొట్టంలో ముసలివాళ్ళను చూసుకునే అమ్మాయి జైబున్. మంచి పిల్ల. సాయంత్రం ఆ పిల్ల మాట్లాడితే అసలు సంగతి తెలిసింది. నేను అరిచిన అరుపు అక్కడ ఎట్లా వినిపించిందో చెప్పమన్నాను. మొదట సిగ్గుపడింది, తరువాత చెప్పింది.

"అక్కగారూ, తమరి ఎడమ వైపు ఒక తోడేలు విచ్చేస్తోంది, వీలైతే గమనించగలరు అన్న్యావు అవ్వా. గొంతు నీదే. మాటే నీది కాదు."

నాకు నవ్వొచ్చింది. తోడేలు విచ్చేయడమేమిటి, హారతి పట్టాలా దానికి? జైబున్ కూడా నవ్వింది. ఆమె అంత వాక్యం విని అర్థం చేసుకునేలోపు తోడేలు గొర్రెను తిని మూతి కూడా తుడుచుకుని ఉంటుంది. అక్క నవ్విందా అని అడిగాను. జైబున్ నవ్వు ఆగింది.

"ల్యా అవ్వా. గోడవైపు తిరిగి పండుకునింది."

అప్పుడు నా నవ్వూ పోయింది. ఎందుకో మీకు తెలియదు, చెబుతాను. మా ఇళ్ళలో 'మీరు' అనడం గౌరవం కాదు. గోడ. గోడ లేపాలనుకున్నప్పుడే అంటాం. మా మొగుళ్ళు మంద పంచుకుని వేరు పడ్డ ఏడు, గొర్రె పిల్లల కాడ మాకు మాటా మాటా పెరిగింది. ఆ ఏడంతా నేను ఆమెను మీరు అన్నాను, ఆమె నన్ను ఏమండీ అంది. బావి కాడ ఎదురుపడితే, మీరు తోడుకోండి అంటే మీరు తోడుకోండి అనుకునేవాళ్ళం. అంతకన్నా పెద్ద తిట్టు మాకు తెలియదు. నా బిడ్డకు జ్వరం వచ్చిన రోజు ఆమె గడప లోపలికి వచ్చి "నీ జిమ్మడ, బిడ్డను ఇట్ల బెట్టుకోని నాకు కబురు జేయవా" అన్నాక గానీ ఆ గోడ పడలేదు.

ఆమె గుండె చెడి, పరాయి కొట్టంలో, నేను కావాలనే వెంట రాలేదన్న అనుమానంతో పడుకుని ఉంది. ఆ మనిషికి నా గొంతుతో, తమరు అని వినిపించారు.

నాలుగో పలుకు

ఫోనులో మాట్లాడవచ్చు కదా అని మీ మనిషి ఒకాయన అన్నాడు. అయ్యా, ముద్ర ఫోను మీద వేశారా? గొంతు మీద వేశారు. నేను ఏ పరికరంలో నోరు తెరిచినా అక్కడ తమరే వస్తుంది. మాటలు మానేసి, మందను అదిలించే కూతలు కూశాను. అక్కడికి ఏదో వీణ వాయించినట్టు వినిపించిందట. ఈ రాతపెట్టె ఒక్కటే నా మాటను నా మాటగా ఉంచుతోంది. ఇదేమో మీకు తప్ప ఎవరికీ వినిపించదు.

జైబున్‌ను చెప్పమన్నాను. మిషను మాటలు మార్చేస్తోందని, సుంకులవ్వ తిట్టే తిడుతోందని చెప్పమన్నాను. ఆ పిల్ల చెప్పింది. దానికి వన్నూరక్క అన్న మాట ఇది.

"మిషనుకేం బట్టింది మధ్యలో. నా మీంద యిష్టం ల్యాకుంటే ల్యాదని చెప్పమను. నిన్నెందుకు నడమన తిప్పుతాది?"

పోనీ, ముద్ర పడకముందు ఆటలో విన్న నా తిట్లే నువ్వు నా బదులు ఆమెను తిట్టమని జైబున్‌ను బతిమాలాను. పాపం, ఆ పిల్ల చేతిలో ఫోను ఉండగానే తిట్టిందట. ఎట్లా తిట్టిందంటే, "మీ పాడె కట్ట, అవ్వా, అని సుంకులవ్వ అనమనింది" అందట. వన్నూరక్కకు నవ్వు రాలేదు సరే, ఆ పిల్లకు కూడా ఒక హెచ్చరిక పడింది. ఇంకొకసారి అంటే దాని గొంతుకూ ముద్ర వేస్తారట. దాని ఉద్యోగమే ముసలివాళ్ళతో మాట్లాడటం. నేనే వద్దన్నాను.

ఐదో పలుకు

ఈ రోజు తెర మీద విచారణ అయింది. విచారించిన అబ్బాయి పేరు లిఖిత్. చిన్నవాడు, నెమ్మదస్థుడు. అతని మీద నాకు కోపం లేదు. అతను అడిగినదాన్ని, నేను చెప్పినదాన్ని పెట్టెలో వేయించుకుంటున్నాను.

పాడె అంటే శవాన్ని మోసేదేనా అని అడిగాడు. అవునన్నాను. కట్టడమంటే తయారు చేయడమేనా అన్నాడు. అవునన్నాను. అయితే మీరు ఆమె చావు కోరుకున్నట్టే కదా అన్నాడు.

"పాడె ఎవురు గడ్తారు నాయనా? పగోడు గడ్తాడా? అయినోళ్ళే గదా గట్టేది. నీకంటే ముందు నేను సావను, నీ పని సూసే పోతా అని దాని అర్తం. యాభై ఏండ్లుగా ఆ యమ్మకు అర్తమైంది, నీ మిషనుకు గాలా."

అతను తల దించుకుని కాగితం తిరగేశాడు. వాళ్ళ అవ్వ కూడా అట్లాగే తిట్టేదేమో, నాకు తెలియదు. తరువాత రూలు చెప్పాడు. మాట పడ్డ మనిషి తనకు బాధ కలగలేదని ఒక్క మాట చెబితే ముద్ర అప్పటికప్పుడే తీసేస్తారట. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంత సులువా, అడగండి, ఇప్పుడే అడగండి అన్నాను. ఆమె మీద నా ఒత్తిడి పడకూడదని నా నోరు కట్టేసి, నన్ను కనబడకుండా చేసి, వన్నూరక్కను పిలిచారు.

చాలా రోజుల తరువాత ఆమె మొహం చూశాను. బుగ్గలు లోపలికి పోయాయి. జడ ఎవరో వేసినట్టుంది, నున్నగా ఉంది. ఆమె అంత నున్నగా ఎన్నడూ వేసుకోదు.

అబ్బాయి అడిగాడు. సుంకులమ్మ గారు మీతో అన్న మాటల వల్ల మీకు బాధ కలిగిందా?

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. ఎటో చూసింది.

"కలిగింది సామీ," అంది. "కలగకుండా ఎట్ల ఉంటాది? నేనేం జేసినానని నాతో అట్ల మాట్లాడల్ల?"

నేను అరుస్తూనే ఉన్నాను. ఏ మాటో అడుగు నాయనా, ఏ మాటకు బాధ కలిగిందో అడుగు. నోరు కట్టేశారు కదా, ఎవరికి వినిపిస్తుంది? అతను అడగలేదు. ఏ మాటలని అడగాలని అతని కాగితంలో లేదు. బాధ కలిగినట్టు స్వయంగా చెప్పారు అని రాసుకున్నాడు. ముద్ర అట్లాగే ఉంచారు.

ఆమె చెప్పింది అబద్ధం కాదు. బాధ కలిగింది. నా మాటలకు కాదు, మీ మాటలకు. నన్ను నేరస్తురాలిని చేసింది మీరు నా నోట్లో పెట్టిన మర్యాద. దానికి నాకు శిక్ష వేసి, దానినే నాకు మందు అంటున్నారు. మళ్ళీ అడగండి అని ఈ పెట్టె ముందు అడుగుతున్నాను. ఒక్క ప్రశ్న. ఏ మాటకమ్మా నీకు నొచ్చింది, అని. వచ్చే విచారణలో చూస్తామన్నారు.

ఆరో పలుకు

ఈ రోజు ఆమె ఆటకు వచ్చింది. ఇక రాదనుకున్నాను. రోజూ గుట్ట మీద ఒక్కదాన్నే నిలబడి దిగిపోతున్నాను. కింద ఒడిసెల పట్టుకున్న మనిషి లేనప్పుడు, మిషను తోడుబొమ్మనిస్తానంటుంది. గురి తప్పదట, అలసిపోదట, నేను అరవకముందే కొడుతుందట. అది కొడితే నేనెందుకు అరవాలి? వద్దన్నాను.

ఆమెను చూడగానే నోరు తెరవబోయి మూసుకున్నాను. నోరు తెరిస్తే తమరు వస్తుంది. ఏమీ అనకుండా ఉంటే కనీసం ఆ మాట పడదు అనుకున్నాను. అదే నేను చేసిన పిచ్చిపని. తోడేళ్ళు వచ్చాయి. ఎడమ నుంచి, వాగు వైపు నుంచి. నేను గుట్ట మీద పళ్ళు బిగించి నిలబడ్డాను. కింద ఆమె గుడ్డిగా ఒడిసెల తిప్పుతోంది, ఒకసారి ఇటు, ఒకసారి అటు. మధ్యమధ్యలో తల ఎత్తి గుట్ట వైపు చూస్తోంది. ఒక్కో గొర్రే పోయింది. ఎన్నో ఏళ్ళుగా పెంచిన మంద.

ఆఖరి గొర్రె పోయాక ఒడిసెల కింద పెట్టింది. చాలా మెల్లగా, ఆయాసంగా మాట్లాడింది. ఆమె గొంతు మీద ఏ ముద్రా లేదు, ఆ మాటలు ఆమెవే.

"మంద పాయ. ఇంగ నేను పొయ్యొస్తానండీ. మీరు జాగ్రత్తగా ఉండండి."

ఇంక ఆపుకోలేకపోయాను. నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. మా అత్త తిట్టినవి, మా అమ్మ తిట్టినవి, ఎవరూ తిట్టనివి కూడా అప్పటికప్పుడు కట్టి తిట్టాను. ఏడుస్తూ తిట్టాను. నన్ను మీరు అంటావా, నీ నాలిక తెగ, నన్ను మీరు అంటావా అని తిట్టాను.

అదంతా అక్కడ ఎట్లా వినిపించిందో జైబున్ చెప్పనంది. ఒట్టు పెడితే చెప్పింది. "ధన్యవాదాలండీ. మీతో ఆడటం ఎంతో ఆనందంగా ఉంది" అని వినిపించిందట.

ఏడో పలుకు

వన్నూరక్క పోయింది. నిద్రలోనే పోయిందని జైబున్ చెప్పింది.

ఆ వెనకనే బోర్డువారి కబురు వచ్చింది. మాట పడ్డ మనిషి ఇప్పుడు లేరు కాబట్టి కేసు మూసేశారట. ముద్ర తీసేశారట. నా గొంతు నాకు వచ్చినందుకు అభినందనలట. ఈ పెట్టెను కూడా తీసుకుపోతారట, మనిషి వచ్చేదాకా మాట్లాడుకోవచ్చునట. అందుకని మాట్లాడుతున్నాను.

కేసు మూయవద్దు. నేను మూయమని అడగలేదు. ఆ మాటలు తిట్లు కావని, ఆమెకు నొచ్చింది మీ మర్యాదకేనని రాయండి. ఆమె లేదు కాబట్టి అడగలేమంటారు. ఉన్నప్పుడు అడగమన్నాను. అడిగారా? ఆ పిల్లవాడికి ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగే తీరిక లేకపోయింది. రేపు ఇంకొక ముసలిది, ఇంకొక తోటికోడలు, ఇంకొక స్నేహితుడు ఆటలో నోరు తెరుస్తాడు. ముద్ర వేసే ముందు, మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు అని అడగండి. అంతే నేను కోరేది. నాకు ఆలస్యమైపోయింది.

ఇంకొకటి కూడా రాసుకో, పెట్టే.

వానకు ముందు శవాన్ని మోసేవాళ్ళకు మాత్రమే తలుపు తీస్తారు. ఎండ ఎక్కకముందే పూడ్చాలని తెల్లవారేలోపే ఎత్తారు. ఆ కొట్టంవాళ్ళు మంచివాళ్ళు, పద్ధతి తప్పలేదు. సగం దారిలో పాడె దింపారు. దింపుడు కళ్ళం అంటాము. అక్కడ అయినవాళ్ళు చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఎక్కడైనా దాక్కుని ఉంటే పలుకుతుందని. అయినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. జైబున్ తన ఫోను తీసి ఆమె చెవికి ఆనించి, పిలువు అవ్వా అంది.

నా గొంతు నాకు వచ్చి అప్పటికి ఒక్క పూట కూడా కాలేదు. సరిగ్గా వస్తుందో రాదోనని భయం వేసింది. తిట్టాలనే అనుకున్నాను. రాలేదు.

"అక్కా," అన్నాను. "నేను మే, సుంకిని."

ఏమైనా మారిందా అని జైబున్‌ను అడిగాను. మారలేదు అవ్వా, నీ మాటే వచ్చింది అంది.

"అక్కా, నిన్ను నువ్వు అంటాండా. ఇనపడ్తాందా? నువ్వు."

అటుపక్క గాలి చప్పుడు. మోసేవాళ్ళు కాళ్ళు మార్చుకుంటున్నట్టుంది, ఇసుక కరకరమంటోంది. మూడోసారి అక్కా అని మాత్రమే పిలిచాను. పిలిచి, చెవి ఒగ్గి కూర్చున్నాను.

జైబున్ మెల్లగా అడిగింది.

"ఎండ వస్తాంది అవ్వా. ఎత్తమంటాండారు. ఎత్తమందునా?"

"రోంత తాళమను," అన్నాను.